గది చిన్నది.. పటం పెద్దది
ఇంట్లో భారీ చిత్రాలను ఫొటో తీయడంలో ఎన్నో చిక్కులు

మల్దకల్: తరాలుగా ఇంట్లో ఉన్న చిత్రపటానికి సరైన ఫొటోయే తొలి రక్షణ. రంగు రాలినా, పటం చోరీకి గురైనా ఆధారంగా మిగిలేది అదే. పురావస్తువులు, కళాఖండాల చట్టం-1972 కింద వందేళ్లు దాటిన చిత్రాలను నమోదు చేయించేందుకూ దరఖాస్తుతో ఫొటోలు జతచేయాలి. అయితే మల్దకల్ వంటి ఊళ్లలోని పది అడుగుల గదిలో పెద్ద పటాన్ని ఫొటో తీయడం తేలిక కాదు.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాలే ఇందుకు ఉదాహరణ. సుమారు మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులకు మించిన పొడవుతో వీటిని కులపురాణాలు చెప్పేవారి కోసం గీసేవారు. పద్మశాలీలకు కూనపులి వారు మార్కండేయ పురాణాన్ని ఇలాంటి పటం చూపుతూనే చెప్పేవారు.

దూరమే తొలి అడ్డంకి

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 ఎంఎం లెన్స్ అమర్చి ఆరడుగుల వెడల్పు చిత్రాన్ని తీయాలంటే ఎనిమిది అడుగులకు పైగా వెనక్కి జరగాలి. పది అడుగుల చిత్రానికైతే 14 అడుగులు కావాలి. గోడ అడ్డొచ్చిందని వైడ్ లెన్స్ వాడితే అంచుల్లో గీతలు వంగే ప్రమాదం ఉంది. పక్క నుంచి తీస్తే చిత్రం ఆకారమే వంకరపోతుంది.

వెలుతురుతోనూ తంటాలే

ఒకే బల్బు వెలిగిస్తే, దూరం రెట్టింపైన చోట వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఒకే రకం బల్బులు రెండింటిని ఇరుపక్కలా సమాన దూరంలో, 45 డిగ్రీల కోణంలో ఉంచాలి. కిటికీ వెలుగు, ట్యూబ్‌లైట్ కలిస్తే రంగులు మారతాయి. చేర్యాల పటాల ఎర్రని నేపథ్యం కెమెరాను మరింత తికమక పెడుతుంది. అంచున తెల్ల కాగితం, కొలత టేపు ఉంచి తీస్తే అసలు రంగును, పరిమాణాన్ని తర్వాత సరిచూసుకోవచ్చు. అద్దం బిగించిన చిత్రానికి ఎదురుగా ఫ్లాష్ వాడితే మెరుపే మిగులుతుంది.

భాగాలుగా తీయడమే మేలు

30 అడుగుల పటాన్ని ఒక్క ఫొటోలో ఇరికిస్తే బొమ్మల ముఖాలు చుక్కల్లా కనిపిస్తాయి. వేలాడదీస్తే సొంత బరువుకే పాత బట్ట చిరగవచ్చు. నేలపై శుభ్రమైన దుప్పటి పరిచి, కెమెరాను స్టాండుకు బిగించి నిటారుగా కిందికి చూసేలా ఉంచాలి. కెమెరాను కదపకుండా పటాన్నే ఒక కొస విప్పుతూ, మరో కొస చుడుతూ పోవాలి. ఒక్కో ఫొటోలో నాలుగడుగులు, పక్క ఫొటోతో మూడో వంతు కలిసేలా తీస్తే 11 ఫొటోల్లో పటమంతా వస్తుంది. వాటిని కంప్యూటర్‌లో జోడించవచ్చు. రంగు పెచ్చులూడుతున్న పటాన్ని మాత్రం నిపుణుల సమక్షంలోనే విప్పాలి.

కథకులు సైతం కథ సాగినకొద్దీ పటాన్ని ఒక్కో భాగంగానే విప్పి చూపేవారు. చిన్న గదిలో కెమెరాకూ అదే దారి.