పుల్ల గీసే ముందు

వానాకాలంలో పొయ్యి రాజేయడం ఎంత కష్టమో మనకు తెలుసు. కట్టె నానుతుంది. అగ్గిపుల్లలు అయిపోతాయి. పొగ తప్ప మంట రాదు. అదే ఎండాకాలమైతే ఒక్క పుల్లకే పొయ్యి అంటుకుంటుంది. పొయ్యి అదే. కట్టె అదే. మారింది వాతావరణం.

అడవి కూడా అంతే. అడవిలో పుట్టి పాకే మంటను కార్చిచ్చు అంటారు. అది ఎప్పుడు రేగే భయం ఉందో వాతావరణం చూసి తెలుసుకోవచ్చు.

మన చుట్టూ

తిరువూరు చుట్టూ చేలు, మామిడి తోటలు, గుట్టలు ఉన్నాయి. మైలవరం దాటి వెళితే కొండపల్లి అడవి వస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్టు ఆ అడవిలోదే.

మన అడవుల్లో చాలా చెట్లు ఎండలు ముదిరేలోగా ఆకు రాలుస్తాయి. ఫిబ్రవరి నుంచి నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది. జూన్‌లో వానలు పడేదాకా నిప్పు భయమే.

నాలుగు గుర్తులు

1. వాన లేకపోవడం: చాలా రోజులు చినుకు పడకపోతే ఆకు, గడ్డి పెళపెళ విరుగుతాయి. కిందటి ఏడు వానలు బాగా పడినా భయం పోదు. వానకు గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఎండాక అదే మంటకు మేత.

2. ఎండ: ఎండకు ఆకు ముందే కాగి ఉంటుంది. చిన్న నిప్పుకే అంటుకుంటుంది.

3. గాలిలో తేమ లేకపోవడం: ఉతికిన చీర చూస్తుండగానే ఆరిపోతుంది. వడియాలు తొందరగా గలగలలాడతాయి. చీరలోని తడిని లాగిన గాలే ఆకులోని తడిని కూడా లాగేస్తుంది.

4. గాలి జోరు: గొట్టంతో ఊదితే పొయ్యి మండుతుంది కదా! గాలి మంటను ముందుకు తోస్తుంది. నిప్పురవ్వలను దూరం మోసుకుపోతుంది.

ఈ నాలుగూ కలిసే రోజులు మనకు ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. వడగాలి వీచే మధ్యాహ్నం మరీ ప్రమాదం.

నిప్పు ఎవరిది?

వాతావరణం అడవిని ఎండబెడుతుంది. నిప్పు మాత్రం చాలాసార్లు మనుషులదే. ఒకరు బీడీ ఆర్పకుండా పారేస్తారు. ఒకరు ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. ఒకరు తునికాకు బాగా చిగురించాలని మంట పెడతారు. చేలో కొయ్యకాళ్లకు పెట్టిన మంట కూడా గట్టు దాటి పోతుంది.

2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల మీద ఎండుగడ్డి అంటుకుంది. కొండ ఎక్కడానికి వెళ్లినవాళ్లు మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు.

ఆస్ట్రేలియా దేశంలో 2019లో ఎండలు బాగా ముదిరాయి. వానలు బాగా తగ్గాయి. ఆ ఏడాది రేగిన పెద్ద మంటలు 2020 దాకా ఆరలేదు.

మనం ఏం చేయాలి?

వడగాలి రోజున చేలో, తోటలో, దొడ్లో చెత్త కాల్చకూడదు. పొయ్యి బూడిదను నీళ్లు చల్లాకే పారబోయాలి. పూరిల్లు, గడ్డివాము ఉన్నచోట మరింత జాగ్రత్త కావాలి. తోట చుట్టూ ఎండుగడ్డి చెక్కి, బాటలాగా నేల శుభ్రం చేయాలి. అక్కడ మంటకు మేత దొరకదు.

గుట్ట మీద మంట కనిపిస్తే పైకి పరుగెత్తవద్దు. మంట పైకి మనకన్నా వేగంగా పాకుతుంది. గాలి ఎటు వీస్తుందో చూడాలి. మంటకు ఎదురుగా ఉండకుండా పక్కకు తప్పుకోవాలి. దున్నిన చేలోకో, గడ్డి లేని చోటికో చేరాలి. వెంటనే అటవీశాఖ వాళ్లకు చెప్పాలి. 101కి ఫోన్ చేయాలి.

అడవి కాలితే పశువులకు మేత పోతుంది. మనకు కట్టె పోతుంది. పిట్టలకు గూడు పోతుంది. ఎండను ఆపడం మన చేతిలో లేదు. పుల్ల గీయకుండా ఆగడం మన చేతిలోనే ఉంది.

ఆలోచించండి

మీ ఊళ్లో చెత్త ఏ వేళ కాలుస్తారు?

ఈ రోజు గాలి ఎటు నుంచి వీస్తోంది?