పడవలో కాపురం: నీటిగీతకు దిగువన జరిగే పని

యాట్‌లో కాపురం పెట్టి దేశదేశాల తీరాలు తిరిగేవాళ్లను చూస్తే మనకు తెరచాపలు, గాలి, దీవులే కనిపిస్తాయి. వాళ్ల డైరీ తెరిస్తే సగానికి పైగా పేజీలు మరమ్మతులవే. పడవ నడపడం కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. అదే పడవను పరాయి రేవుల్లో, మన మాట తెలియని మెకానిక్‌ల మధ్య, ఏళ్ల తరబడి తేలుతూ ఉంచడం వేరే విద్య. ఆ విద్యలో ముఖ్యమైన భాగమంతా నీటిగీతకు దిగువన, కంటికి ఆనని చోట ఉంది.

ఏజియన్ సముద్రం సంగతి చూద్దాం. ఒక ఒడ్డు గ్రీసు, ఎదుటి ఒడ్డు టర్కీ. బోద్రుమ్, మార్మరిస్, లేరోస్ దీవి, ఇలా ఎటు వెళ్లినా పడవలను ఒడ్డుకెక్కించే యార్డులున్నాయి. అవి ఇంత అవసరం కావడానికి ఒక కారణం ఇక్కడ ఆటుపోట్లు అంతగా లేకపోవడం. ఫ్రాన్సులో సేంట్ మాలో దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం 12 మీటర్ల దాకా మారుతుంది. అలాంటి తీరాల్లో పడవను గోడకు కట్టి, నీరు తీశాక కిందికి దిగి అడుగుభాగం శుభ్రం చేసుకోవచ్చు. మధ్యధరాలో చాలాచోట్ల ఆ తేడా ఒక అడుగు మించదు. అడుగు చూడాలంటే నీళ్లలో మునగాలి, లేదంటే ట్రావెల్ లిఫ్ట్ అనే చక్రాల క్రేనుతో పడవను పైకెత్తించాలి. అందుకే ఏడాదికోసారి పడవ ఒడ్డెక్కుతుంది. మిగతా ఏడాది పథకమంతా ఆ తేదీ చుట్టూ అల్లుకుంటుంది.

అడుగున చూడాల్సింది ఏమిటి? ముందుగా రంధ్రాలు. 12 మీటర్ల యాట్‌కు ఇంజను చల్లబరిచే నీటికి ఒకటి, వంటగది తొట్టికి ఒకటి, మరుగుదొడ్డికి రెండు, ఇలా నీటిమట్టానికి అటూ ఇటూ చాలా రంధ్రాలే ఉంటాయి. ప్రతిదానికీ లోపల సీకాక్ అనే కవాటం బిగిస్తారు. అది మంచి కంచుదైతే చాలాకాలం నిలుస్తుంది. చవకగా వచ్చే మామూలు ఇత్తడిలో దాదాపు 60 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు. ఉప్పునీరు అందులోంచి జింకును మెల్లగా లాగేస్తుంది. మిగిలేది గుల్లబారిన రాగి. పైకి చూస్తే ఆకారం చెక్కుచెదరదు, పిడి కూడా తిరుగుతుంది. ఏదో ఒక రోజు బరువైన పెట్టె తగిలి, మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. పరీక్ష తేలికే. పెచ్చు కట్టిన పైపొరను చాకుమొనతో గీకాలి. పసుపుగా మెరిస్తే పరవాలేదు. లేత గులాబి రంగు కనబడితే ఆ కవాటాన్ని అప్పుడే మార్చేయాలి. ప్రతి సీకాక్ పక్కనా మొనదేలిన మెత్తటి చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచుతారు. కవాటం విరిగితే ఆ బిరడాను రంధ్రంలో కొట్టి నీటిని ఆపాలి. చీకట్లోనైనా చేతికి అందాలి గనకే అక్కడే కడతారు.

రెండోది జింకు ముక్క. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలుండి వాటిని తీగ కలిపితే అది బ్యాటరీ అవుతుంది. రెంటిలో ఒకటి కరిగిపోవాల్సిందే. కంచు ప్రొపెల్లర్, స్టీలు ఇరుసు ఉన్నచోట ఆ కరిగే వంతును జింకుకు అప్పజెబుతారు. ఇరుసుకు బిగించిన ఆ ముక్క సగం అరిగిందంటే మార్చే వేళయింది. కొత్త ముక్కలా మిలమిలలాడుతోందంటే ఇంకా అనుమానించాలి. ఎక్కడో తీగ సంబంధం తెగి అది పని మానేసి ఉంటుంది, దాని బదులు ప్రొపెల్లర్ కరుగుతూ ఉంటుంది. పడవకు రంగు వేసేటప్పుడు పొరపాటున జింకు మీద కూడా పూస్తే ఫలితం అదే.

చాలామందికి తట్టని ప్రమాదం మెరీనాలో, అంటే యాట్‌ల రేవులో ఉంది. రేవుకు చేరి కరెంటు ప్లగ్గు పెట్టగానే భద్రత కోసం ఉండే ఎర్త్ తీగ పక్క పడవల ఎర్త్‌తో కలుస్తుంది. అంటే మన జింకు, పొరుగువాడి కంచు ఒకే బ్యాటరీలో చేరాయన్నమాట. పొరుగు పడవ యజమాని జింకు మార్చకుండా ఊరికి వెళ్లిపోతే మన జింకు రెండు పడవలకూ కాపలా కాసి తొందరగా అయిపోతుంది. ఎర్త్ తీగను తెంచేయడం దీనికి మందు కాదు, అది ప్రాణాంతకం. గాల్వానిక్ ఐసొలేటర్ అనే చిన్న పెట్టెను ఆ తీగ దారిలో పెడితే ఈ కొద్దిపాటి వోల్టేజి ఆగిపోతుంది, లోపం వచ్చినప్పుడు అసలు కరెంటు మాత్రం భూమిలోకి పోతుంది. మెరీనాలో శీతాకాలం గడపబోయే వాళ్లు కొత్త తెరచాప కన్నా ముందు కొనాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

మూడోది అడుగున పూసే రంగు. అది నాచు, బార్నకిల్స్ అనే గుల్లజీవులు పట్టకుండా విషం వదులుతుంది. ఒకప్పుడు దానిలో టీబీటీ అనే తగరపు సమ్మేళనం వాడేవారు. ఫ్రాన్సులో ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంకులు వంకర్లు పోయి, పెంపకం దెబ్బతిన్నాక 1982లో ఆ దేశం చిన్న పడవలకు దాన్ని నిషేధించింది. ప్రపంచవ్యాప్త ఒప్పందం అమల్లోకి వచ్చింది మాత్రం 2008లో. ఇప్పటి రంగుల్లో ఎక్కువగా ఉండేది రాగి. అదీ విషమే. గీకిన రంగుపొడిని సముద్రంలోకి ఊడ్చేయకుండా గుడ్డ పరిచి పోగుచేసి యార్డుకు అప్పగించడం ఆ తీరం పట్ల మన కనీస బాధ్యత.

లోపలి పనులకూ లెక్కలేదు. డీజిల్ ట్యాంకులో నీరు చేరితే ఆ రెండింటి మధ్య సూక్ష్మజీవులు పెరిగి అడుగున మడ్డి కడుతుంది. సముద్రం శాంతంగా ఉన్నన్నాళ్లూ దాని ఊసే తెలియదు. అలలు లేచి పడవ ఊగినప్పుడు ఆ మడ్డి కదిలి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇంజను అత్యవసరమైన గంటలోనే ఆగిపోవడానికి ఇదొక కారణం. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పడవ అట్టడుగుకు చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. కాబట్టి సిలిండరును బయటికి గొట్టమున్న విడి అరలో పెడతారు. మంచినీళ్లకు మన ఇళ్లలోని ఆర్‌ఓ పద్ధతే, కాకపోతే సముద్రపు నీటికి 55 బార్‌ల దాకా ఒత్తిడి కావాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ దాని పొరను పాడుచేస్తుంది గనక ఆ నీటితో కడగాలంటే ముందు కార్బన్ ఫిల్టరు తప్పనిసరి.

ఇక కాలెండరు. ఏజియన్‌లో జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, గాలి మాత్రం రోజుల తరబడి తగ్గదు. దీవుల మధ్య ఉత్తరానికి పోవాల్సినవాళ్లు వసంతంలోనే వెళ్లిపోవాలి. దానికి తోడు కాగితాల గడియారాలు రెండు. మనిషికి, గ్రీసు సహా చాలా యూరప్ దేశాలకు వర్తించే షెంగెన్ నియమం ప్రకారం ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ముందే వీసా కూడా కావాలి. యూరోపియన్ యూనియన్ బయట నమోదై, బయటి నివాసి వాడే పడవకు మాత్రం పన్ను లేకుండా 18 నెలల గడువు. మనిషి గడువు ముందే ముగుస్తుంది. ఎదుటి ఒడ్డున షెంగెన్‌లో లేని టర్కీ ఉండటం అప్పుడు అక్కరకొస్తుంది. యార్డులో పని సగంలో ఉండగా వీసా రోజులు అయిపోయే కుటుంబాలున్నాయి. అందుకే పడవను ఎక్కడ ఎత్తించాలో ధర చూసి కాకుండా, అక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారో చూసి నిర్ణయించుకోవాలి.

ఇంత చూసుకున్నా దారిలో మరమ్మతులు తప్పవు. 2017–18లో ఆరుగురు భారత నౌకాదళ మహిళా అధికారులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టివచ్చారు. వారిలో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. మూడు మహాసముద్రాలు దాటి, ఇంటిదారి పట్టాక చుక్కాని తిప్పే యంత్రాంగం చెడింది. అనుకోకుండా మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి బాగుచేయించుకున్నారు. నౌకాదళం వెన్నంటి ఉన్న పడవకే అలా జరిగితే, సొంత డబ్బుతో తిరిగే జంట ఎంత సిద్ధపడి ఉండాలో చూడండి. పడవలోనే కాపురముండి తిరిగిన లిన్, లారీ పార్డీ దంపతులు ఎంచుకున్న దారి వేరు. 1968లో నీటిలోకి దించిన వాళ్ల 24 అడుగుల సెరాఫిన్‌కు ఇంజనే లేదు. అంటే ఇరుసు లేదు, చల్లబరిచే నీటికి రంధ్రం లేదు, డీజిల్ ట్యాంకు లేదు. దానిలోనే ప్రపంచం చుట్టారు. నేటి మెరీనాల్లో ఇంజను లేకుండా మసలడం కష్టమే, కానీ వాళ్ల లెక్కలో సారముంది. కొత్తగా పడవ కొనేవాళ్లు లోపల ఎన్ని సౌకర్యాలున్నాయో చూసే ముందు అడుగున ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టాలి.

పని ముగించి పడవను మళ్లీ నీటిలోకి దించే రోజున క్రేనువాడికి ఒక మాట ముందే చెప్పి ఉంచాలి: పడవ తేలాక కూడా పట్టీలు వదలవద్దని. ఆ పది నిమిషాల్లో లోపల ప్రతి సీకాక్‌నూ తెరిచి, మూసి, చుట్టూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. కాగితం తడిస్తే అప్పటికప్పుడు పైకెత్తించవచ్చు. పట్టీలు వదిలాక క్రేను వరసలో ఉన్న తర్వాతి పడవకు వెళ్లిపోతుంది.