దోమల లెక్క, వర్మ్‌ల లెక్క

రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసినది 1897లో, మన సికింద్రాబాదులో. ఆ సంగతి చాలామందికి తెలుసు. ఆయన తరువాత వేసిన లెక్క గురించి మాత్రం అంతగా చెప్పుకోము. మలేరియా పోవాలంటే దోమలన్నిటినీ చంపనక్కరలేదు, వాటి సంఖ్యని ఒక హద్దు కిందకి దించితే చాలునని 1911లో గణితం చేసి చూపించాడు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అంటువ్యాధులకి సమీకరణాలు రాశారు. కంప్యూటర్ వర్మ్‌లకీ అవే పనికొస్తాయి.

లెక్క సులువే. యంత్రాలని మూడు గుంపులు చేద్దాం: లోపం ఉన్నవి, వర్మ్ సోకినవి, ప్యాచ్ వేసినవి. సోకిన యంత్రం గుడ్డిగా ఏదో ఒక ఐపీ అడ్రసు తడుతుంది. మొత్తం అడ్రసులు సుమారు 430 కోట్లు. 2001 జులై 19న కోడ్ రెడ్ సోకినవి 3,59,000కి పైనే. అంటే సుమారు 12,000 సార్లు తడితే ఒక్క తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో సోకినవి చక్రవడ్డీలా పెరుగుతాయి. తరువాత కొత్తవి దొరక్క జోరు తగ్గుతుంది. గ్రాఫు గీస్తే సాగదీసిన ఎస్ ఆకారం వస్తుంది.

కోడ్ రెడ్ సుమారు 37 నిమిషాలకొకసారి రెట్టింపయింది. తట్టిన ప్రతిచోటా టీసీపీ జవాబు కోసం ఆగాలి కదా! 2003 జనవరి 25న వచ్చిన స్లామర్‌కి ఆ బాధ లేదు. 376 బైట్ల ప్రోగ్రాం, ఒకే యూడీపీ ప్యాకెట్టు, పంపి మరిచిపోవడమే. మొదటి నిమిషంలో 8.5 సెకన్లకి రెట్టింపయింది. పది నిమిషాలలో లోపమున్న వాటిలో 90 శాతానికి సోకింది.

ఇక్కడే రాస్ చెప్పిన హద్దు వస్తుంది. సోకిన ఒక్కో యంత్రం, దాన్ని బాగుచేసేలోగా సగటున ఒకటి కంటే తక్కువ యంత్రాలకి అంటిస్తే వర్మ్ ఆరిపోతుంది. రెట్టింపు సమయాన్ని 0.69తో భాగిస్తే మనకున్న గడువు వస్తుంది. కోడ్ రెడ్‌కి సుమారు 53 నిమిషాలు. స్లామర్‌కి 12 సెకన్లు! పన్నెండు సెకన్లలో పేజర్ మోగినా లేచి కూర్చోలేము.

కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే: లోపమున్న గుంపుని ముందే తగ్గించడం. స్లామర్‌కి ప్యాచ్ ఆరు నెలల ముందే, 2002 జులైలో వచ్చింది. 2017 మే 12న వచ్చిన వానాక్రైకీ రెండు నెలల ముందే ఉంది.

ఒహాయోలోని డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రంలోకి స్లామర్ దూరినది ఫైర్‌వాల్ గుండా కాదు, ఒక కాంట్రాక్టరు నెట్‌వర్కు నుంచి. భద్రతా సూచికలు చూపే వ్యవస్థ దాదాపు అయిదు గంటలు పనిచేయలేదు. అదృష్టవశాత్తు అప్పటికి రియాక్టరు ఆపి ఉంది. నాలాంటి కన్సల్టెంట్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

"ప్యాచ్ వచ్చే నెల చూద్దాం" అనే మాట ప్రతి మీటింగులోనూ వింటూనే ఉంటాను. అప్పుడు బల్ల మీద పెట్టవలసిన అంకె ఆ పన్నెండు సెకన్లు.