పాత మానిటర్‌కు పదిలంగా వీడ్కోలు

స్విచ్ వేయగానే చిన్న చిటపట, తెర దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే నిక్కబొడుచుకునే వెంట్రుకలు! సీఆర్‌టీ మానిటర్ వాడినవారు వీటిని మరచిపోలేరు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లిన కుటుంబాలెన్నో స్థిరపడ్డ సూరత్‌లో, భేస్తాన్ వంటి పారిశ్రామిక ప్రాంతాల్లోనూ ఒకప్పుడు కంప్యూటర్ బల్లపై సగం చోటు దానిదే.

1897లో జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించిన గొట్టమే దీనికి మూలం. గొట్టం వెనుక నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ధారను అయస్కాంత క్షేత్రం వంచుతూ తెరపై వరుసలుగా నడిపిస్తుంది. అది తాకినచోట ఫాస్ఫర్ పూత వెలుగుతుంది. రంగుల మానిటర్‌లో ఈ ఎలక్ట్రాన్లను పరుగెత్తించేది దాదాపు 25 వేల వోల్టులు. అంత వేగంతో ఢీకొన్నప్పుడు కొద్దిపాటి ఎక్స్-కిరణాలూ పుడతాయి. అవి బయటికి రాకుండా గొట్టం వెనుక భాగపు గాజులో సీసం కలిపారు.

మనల్ని కాపాడిన ఆ సీసమే ఇప్పుడు చిక్కు. భంగార్‌వాలా రాగి తీగ కోసం గొట్టాన్ని పగలగొడితే, ఆ సీసం మట్టిలో, నీటిలో కలుస్తుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. లోపలున్నది శూన్యం కాబట్టి గాజు పెంకులు ఎగిరి గాయపరుస్తాయి కూడా.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లర్లే విడదీయాలి. అటక మీది పాత నేస్తాన్ని విప్పకుండా, పగలకుండా వారికి చేర్చడమే దానికి తగిన వీడ్కోలు.