మోటారు కారునందు కాలిన రబ్బరు వాసన

రబ్బరు నెఱుంగని విద్యార్థి లేడు. అది పెన్సిలు గీతలను తుడిచివేయునని 1770వ సంవత్సరమున జోసెఫ్ ప్రీస్ట్లీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వ్రాసెను. అయితే ఆ కాలపు రబ్బరు ఎండకు జిగటయై, చలికి పెళుసెక్కుచుండెను. గంధకము కలిపి వేడిచేసినచో అది ఎండకును చలికిని ఓర్చునని 1839వ సంవత్సరమున అమెరికా దేశస్థుడగు చార్లెస్ గుడియర్ కనుగొనెను. నేటి కార్ల టైర్లును, పెక్కు బెల్టులును, గొట్టములును ఇట్టి రబ్బరుతోనే చేయబడుచున్నవి. ఈ రబ్బరు మితిమీరి వేడెక్కినప్పుడు పుట్టు ఘాటైన కమురు కంపును ఒకసారి యెఱిగినవారు మఱువరు.

కారు నడచుచుండగా ఈ కంపు వచ్చినచో కొందఱు కిటికీ అద్దములు దించి, మఱికొందఱు పరిమళపు సీసా తగిలించి, ప్రయాణము సాగింతురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. అరచేతులు రెండును గట్టిగా రుద్దుకొన్నచో వేడి పుట్టును గదా! అట్లే బండిలో తాకరానివి తాకినను, పట్టియుండవలసినవి జాఱినను వేడి పుట్టును. కంపు ఆ వేడి పంపిన వార్త. వార్తను అణచుట గాక, వేడికి మూలమును వెదకుటయే మన పని.

మొదట బండిని రోడ్డు ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, పిల్లలతోసహా అందఱును దిగి దూరముగా నిలువవలెను. బానెట్ క్రిందనుండి పొగ గాని మంట గాని కనబడినచో దానిని తెఱువరాదు. గాలి సోకినచో మంట పెరుగును. అప్పుడు 112కు ఫోను చేయవలెను. పొగ లేనిచో ఇంజను చల్లారువఱకు ఆగవలెను. ఈలోపల మూడు ప్రశ్నలు వేసికొనవలెను. వాసన ఎప్పుడు వచ్చినది? ఎచ్చటినుండి వచ్చినది? దానితో ఏ ధ్వని వినబడినది? వీని జవాబులే సగము రోగమును తెలుపును.

బండి నిలిచియున్నను, ఇంజను ముందువైపునుండి కంపును, కీచుమను ధ్వనియు వచ్చినచో బెల్టును అనుమానింపవలెను. బావి గిలకపై చేదత్రాడు నడచునట్లు ఈ బెల్టు గిలకలపై నడచుచు, విద్యుత్తును పుట్టించు ఆల్టర్నేటరును, పెక్కు బండ్లలో ఇంజనును చల్లబఱచు నీటి పంపును త్రిప్పును. బెల్టు వదులైనను, దానిపై నూనె పడినను పట్టు తప్పి జాఱును. ఒక్కొక్కప్పుడు బెల్టు మంచిదేయైనను, గిలకలోని బేరింగు బిగిసికొనిపోవును. తిరుగని గిలకపై ఒరసికొని బెల్టు మాడును. అట్టియెడ గిలకను విడిచి బెల్టును మాత్రమే మార్చినచో క్రొత్తదియు మాడిపోవును. కావున ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, బెల్టుపై పగుళ్లు, అంచుల చీలికలు, అద్దమువంటి నునుపు కలవేమో చూచి, గిలకలన్నిటిని మెకానిక్కుచే పరీక్షింపజేయవలెను.

మలుపు తిరుగునప్పుడో, గతుకులలోనో, జనము నిండుగా ఎక్కినప్పుడో వాసన వచ్చినచో టైరు దేనికో ఒరసికొనుచున్నదని తలంపవలెను. టైరు ప్రక్కల నునుపైన గీత పడియుండును. మడ్గార్డు లోపలి ప్లాస్టిక్ రేకు ఊడి వ్రేలాడుచుండును. రేకును బిగింపవలెను, బరువును తగ్గింపవలెను. టైరులో గాలి తక్కువైనను అది నలిగి వేడెక్కును.

బ్రేకు, క్లచ్చిలయందు కాలునది రబ్బరు కాకపోయినను, కంపు దానిని పోలియుండును. నాలుగు చక్రములలో ఒకటి మాత్రమే వేడెక్కినచో దాని బ్రేకు విడువక పట్టియున్నదని అర్థము. చక్రమును ముట్టక, చేతిని కొంచెము దూరమున నుంచియే వేడిని గ్రహింపవలెను. దానిపై నీళ్లు పోయరాదు. చేతి బ్రేకు దించక నడిపినను ఇట్లే యగును. తిరుమల, అరకు వంటి ఘాటు రోడ్లపై దిగునప్పుడు ఎడతెగక బ్రేకు త్రొక్కినచో అది వేడెక్కి పట్టు కోల్పోవును. కావున చిన్న గేరులో దిగవలెను. ఇంజను ధ్వని హెచ్చినను బండి వేగము హెచ్చనిచో క్లచ్చి జాఱుచున్నదని తెలియవలెను. క్లచ్చిపై ఎల్లప్పుడును పాదముంచుట దీనికొక కారణము.

సైలెన్సరుకు అంటుకొన్న ప్లాస్టిక్ సంచియు, వేడి గొట్టముపై పడిన నూనె చుక్కయు కూడ కంపు పుట్టించును. అన్నిటికంటె భయంకరమైనది తీగల పైతొడుగు కాలుట. ఎలుకలు కొఱికిన తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పు పుట్టింపవచ్చును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో అంతకంటె పెద్ద ఫ్యూజు వేయరాదు. ఫ్యూజు కాపలావాడు, వాని నోరు మూయించినచో ఇల్లు కాలును.

తల్లిదండ్రులారా, మీరు నడుపు బండిలో మీ బిడ్డలే గాక, పొరుగువారి బిడ్డలును బడికి వచ్చుచుందురు. విద్యార్థులారా, మీ ముక్కునకు కమురు కంపు సోకినచో జంకక పెద్దలకు చెప్పుడు. దేవుడు మనకు ఘ్రాణేంద్రియమును పూలకొఱకు మాత్రమే ఇయ్యలేదు. దోషమును కప్పుట వేఱు, దోషమును తీర్చుట వేఱు. ఇది బండ్లకెంత నిజమో మనుష్యులకును అంత నిజము.