పెన్సిలు మొదలు గురివింద వఱకు

పెన్సిలులోని నల్లని ముల్లు దేనితో చేయబడినదని తరగతిలో మేమడిగినచో, సీసముతోనని పది గొంతులు పలుకును. అందు సీసము లేశమైనను లేదు. 16వ శతాబ్దమున ఇంగ్లండులోని బారోడేలు కొండలలో దొరకిన నల్లని ఖనిజమును జనులు సీసమని భ్రమించిరి. భ్రమ పోయినను పేరు నిలిచినది. అది గ్రాఫైటు, అనగా కర్బనపు రూపము. 1795లో కాంటే అను ఫ్రెంచివాడు దాని పొడిని బంకమట్టితో కలిపి కాల్చి కడ్డీలు చేసెను. మన్ను హెచ్చినకొలది ముల్లు గట్టిపడి వ్రాత పలుచనగును.

చిత్రమేమనగా, వజ్రమును కర్బనమే! 1797లో టెన్నంటు అను ఆంగ్లేయుడు వజ్రమును కాల్చి, అంతే తూకముగల బొగ్గునుండి ఎంత బొగ్గుపులుసు గాలి వచ్చునో దీనినుండియు నంతే వచ్చునని చూపెను. 18వ శతాబ్దమున బ్రెజిలు గనులు బయల్పడువఱకు లోకమునకు వజ్రములు హెచ్చుగా మన దేశమునుండియే పోయెడివి. గోలకొండ వజ్రములని కీర్తిగాంచినవి గోలకొండలో త్రవ్వినవి కావు. అచట జరిగినది బేరము. గనులు కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు చోట్ల నుండెను.

వజ్రమును తూచు క్యారట్టు, అనగా 200 మిల్లీగ్రాములు, కారబ్ అను చెట్టు గింజనుబట్టి పేరు పొందినది. ఆ గింజలన్నియు సమానమైన ఎత్తుండునని పూర్వులు నమ్మిరి; తూచి చూడగా తేడాలు కనబడినవి. మన కంసాలులు గురివింద గింజతో బంగారము తూచిరి. ఎఱ్ఱని ఒంటిపై నల్లని చుక్కగల యీ గింజను పిల్లలు ముచ్చటపడి యేరుకొందురు. దాని పప్పులో ఎబ్రిన్ అను ఘోరవిషము కలదు. గట్టి పెంకు దానిని కొంత ఆపును గాని, నమిలినను, దండకై తొలిచిన గింజను మ్రింగినను ప్రాణాపాయము. చిన్న తరగతులవారి జేబులలో నవి కనబడినచో తీసి పాఱవేయవలెను.