అరికాలి నల్లమచ్చను ముల్లనుకుని కోయకండి

ఎద్దు కుంటితే వెంటనే గిట్ట ఎత్తి చూస్తాం. మన అరికాలు మాత్రం ఏడాదికోసారి కూడా చూసుకోం. దమ్ములో, నాట్లలో ఉత్తకాళ్లతో తిరిగే రైతుకు ముల్లు దిగడం, ఆనె కాయడం మామూలే. అందుకే ఈ జబ్బు ముదిరేదాకా బయటపడదు.

దీన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ ఇది. మనలాంటి చామనఛాయ, నలుపు వారిలో మెలనోమాయే అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా అరికాలు, అరచేయి, గోటి కిందే. ఎండకూ దీనికీ పెద్దగా సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది. 1977లో తేలింది, 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు.

మొదట నొప్పి ఉండదు. గోధుమ రంగో నలుపో మచ్చ, అంచులు వంకరటింకర, ఒకచోట ముదురు, ఒకచోట లేత. నెలలు గడిచేకొద్దీ పాకుతుంది. తర్వాత గడ్డలా లేచి, పగిలి రక్తం కారుతుంది. కొందరికి నలుపే ఉండదు, ఎర్రటి పుండులా కనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని షుగర్ పుండు అనుకుని నెలల తరబడి కట్లు కట్టించుకుంటారు. గోటిలో అయితే నల్లటి చార వెడల్పవుతూ చర్మం మీదికి కూడా వస్తుంది. దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. ఇది జరగదు.

జిల్లేడు పాలు పోయడం, బ్లేడుతో చెక్కించడం వద్దు. నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న మచ్చ ఏదైనా చర్మ డాక్టరుకు చూపించండి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. 'కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది' అని ఊళ్లో అంటారు, అది నిజం కాదు. ఆలస్యమే పాకిస్తుంది.

లోతు ఒక మిల్లీమీటరు లోపు ఉండగానే చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తీసేస్తే చాలామంది బతికి బట్టకడతారు. ఒక్కోసారి వేలు పోవచ్చు. గజ్జల్లో బిళ్ల కట్టిందంటే జబ్బు అక్కడిదాకా వెళ్లి ఉండవచ్చు. ఊపిరితిత్తులకో కాలేయానికో చేరితే మందులున్నా ఖరీదెక్కువ, ఫలితం తక్కువ.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముందు జిల్లా ఆసుపత్రిలో చూపించుకుని, చీటీ రాయించుకుని వెళ్లండి. మచ్చ ఎప్పటినుంచి ఉంది, ఎంత పెరిగింది, ఎవరైనా కోశారా అన్నది దాచకుండా చెప్పండి.